పక్షము బహిరంగము, ఓటు రహస్యము

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ బొమ్మనహళ్ళి శాసనసభా నియోజకవర్గములోనిది. ఇచ్చటి ఓటరుల జాబితాను చూచినచో పేరు, వయస్సు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు మొదలగు వివరములు కనబడును. ఆ ఓటరు ఏ రాజకీయ పక్షమునకు చెందినవాడో తెలుపు గడి మాత్రము అందు లేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో సుమారు 30 రాష్ట్రములందు అట్టి గడి యున్నది. అచ్చటి పౌరుడు ఓటరుగా నమోదగునపుడు తాను డెమొక్రాటిక్ పక్షమువాడో, రిపబ్లికన్ పక్షమువాడో, ఏ పక్షమునకును చెందనివాడో తెలుపవచ్చును. “పక్షము బయటపడిన పిదప ఓటు రహస్యమెట్లగును?” అని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. ఆ సందేహమును తీర్చుటయే ఈ పాఠము ఉద్దేశము.

ప్రైమరీ యనగానేమి?

మన దేశమున ఒక పక్షము తరఫున ఎవరు పోటీచేయవలెనో ఆ పక్షపు నాయకులు నిర్ణయింతురు. దానినే టికెట్టు ఇచ్చుట యందుము. అమెరికాలో ఈ నిర్ణయమును చాలవరకు ఓటరులే చేయుదురు. నవంబరులో జరుగు అసలు ఎన్నికకు కొన్ని నెలల ముందు, పక్షముల అభ్యర్థులను ఏర్పరచుటకై మరియొక ఎన్నిక జరుగును. దానికి ప్రైమరీ యని పేరు. పూర్వము అచ్చటను నాయకులే సభలు చేసి అభ్యర్థులను ఏర్పరచెడివారు. 1903లో విస్కాన్సిన్ రాష్ట్రము ఆ అధికారమును ఓటరులకిచ్చుచు శాసనము చేసెను. క్రమముగా తక్కిన రాష్ట్రములును ఆ మార్గమునే అనుసరించినవి.

ఒక పక్షపు అభ్యర్థిని ఎదుటి పక్షమువారు నిర్ణయింపరాదని కొన్ని రాష్ట్రములు తలచినవి. అందుచేత ఆ పక్షమున నమోదైనవారికి మాత్రమే దాని ప్రైమరీలో ఓటునిచ్చినవి. మేరీలాండు అట్టి రాష్ట్రము. వర్జీనియాలో పక్షపు నమోదే లేదు. అచ్చటి ఓటరు ప్రైమరీ దినమున ఏదేని యొక పక్షపు బ్యాలెట్టును కోరి తీసికొనవచ్చును.

ఈ రెండు విధానములను హైదరాబాదులో జన్మించిన ఇరువురు స్త్రీల చరిత్రమున చూడవచ్చును. తెలుగు కుటుంబమున పుట్టి బాల్యముననే అమెరికా చేరిన అరుణా మిల్లరు, 2018లో మేరీలాండునుండి ప్రతినిధుల సభకు పోటీచేయగోరి డెమొక్రాటిక్ ప్రైమరీలో ఓడిపోయిరి. ఆమె అసలు ఎన్నికవరకు పోనేలేదు. 2022లో ఆమె వెస్ మూర్‌తో జతగా ప్రైమరీని గెలిచి, నవంబరులో లెఫ్టినెంటు గవర్నరుగా ఎన్నికైరి. గజాలా హష్మీ వర్జీనియాలో 2025 జూన్ ప్రైమరీని, నవంబరు ఎన్నికను గెలిచి అదే పదవికి ఎన్నికైరి.

రహస్యము ఎచ్చట నున్నది?

జాబితాలో నున్నది పక్షపు పేరు మాత్రమే. ప్రైమరీలోగాని నవంబరులోగాని ఓటరు ఎవరి పేరునకు గుర్తుపెట్టెనో ఎవ్వరును ఎరుగరు. డెమొక్రాటుగా నమోదైనవాడు నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థికి ఓటు వేసినను అడ్డు లేదు.

ఈ రహస్యము మొదటినుండి యున్నది కాదు. పూర్వము కొన్ని అమెరికా రాష్ట్రములలో ఓటరు తన అభ్యర్థి పేరును నోటితో పైకి చెప్పవలసియుండెను. పిమ్మట పక్షములే రంగు చీట్లను అచ్చువేసి పంచసాగినవి. చీటి రంగును చూచి, పనివాడు ఎవరికి ఓటు వేసెనో యజమాని తెలిసికొనెడివాడు. డబ్బిచ్చి ఓటు కొన్నవాడు తన డబ్బు దండుగ కాలేదని చూచుకొనెడివాడు. 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ప్రభుత్వమే ఒకే తీరు చీట్లను ఇచ్చి, మరుగున గుర్తుపెట్టు ఏర్పాటు చేసెను. 1872లో బ్రిటను, 1888లో మసాచుసెట్సు రాష్ట్రము ఈ పద్ధతిని స్వీకరించినవి.

మన మొదటి సార్వత్రిక ఎన్నికలలో, 1951–52లో, ప్రతి అభ్యర్థికిని గుర్తు అంటించిన వేరు పెట్టె యుండెను. ఓటరు మరుగునకు పోయి చీటిని పెట్టెలో వేసెడివాడు. నేడు యంత్రము వచ్చినను మరుగు పోలేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము, ఎవరికి ఓటు వేసితివని న్యాయస్థానమున సాక్షినైనను నిర్బంధించి అడుగరాదు. రహస్యమును వెల్లడించిన ఎన్నికల ఉద్యోగికి 3 నెలలవరకు కారాగార శిక్ష గలదు.

ఇది మనకేల?

అద్దె యింటివారికి ఇంటి యజమానితోను, కూలివారికి మేస్త్రితోను పని యుండును. పొరుగు రాష్ట్రమున అల్పసంఖ్యాకులమగు మనకు ఇరుగుపొరుగుల మంచితనము అవసరము. “ఈ వీథి తెలుగువారందరు మాకే వేయుదురు” అని ఎవరైనను మాట యిచ్చినను, తెర మాటున ఆ మాటకు ఎవరును కట్టుబడనక్కరలేదు. బలహీనునకు ఆ తెరయే రక్ష.

అయితే జాబితాలో పేరు లేనివానికి తెర యుండియు లాభము లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములనుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన తల్లిదండ్రులు తమ పేరును ఇచ్చటికి మార్చుకొనుటకు 8వ నంబరు ఫారమును నింపవలెను. రెండు చోట్ల పేరుండరాదు. క్రొత్తగా చేరువారికి 6వ నంబరు ఫారము. 18 ఏండ్లకు ఓటు వచ్చును గాని, 17 నిండినవారు ముందుగనే దరఖాస్తు చేయవచ్చును. పై తరగతుల విద్యార్థులు దీనిని గుర్తుంచుకొందురు గాక.

ప్రశ్నలు

1. మేరీలాండు, వర్జీనియా ప్రైమరీలకు భేదమేమి?
2. రంగు చీట్లవలన పనివానికి కలిగిన కష్టమేమి?
3. మీ యింట ఎవరెవరి పేర్లు ఇచ్చటి జాబితాలో నున్నవి? పెద్దల నడిగి వ్రాయుడు. వారు ఎవరికి ఓటు వేసిరో మాత్రము అడుగవలదు.