కంచం పక్కన ఇంకో కంచం

బుజ్జీ,

పెళ్లి చేసుకోనన్నావని మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. అది మీరిద్దరూ తేల్చుకోండి. నాకు నిద్ర పట్టనివ్వనిది నీ ఉత్తరం చివర రాసిన ముక్క. రోజూ రాత్రి కొన్బిని కొట్టులో అన్నం డబ్బా కొనుక్కుని, గదికొచ్చి ఫోన్ చూస్తూ తినేస్తున్నావట. ఎన్నాళ్ల నుంచే ఇలా?

ఒక్కదానివే ఉండడాన్ని నేను తప్పుపట్టను. కాకినాడలో నాకు టీచరుద్యోగం వచ్చిన కొత్తలో, పెళ్లికాని పిల్లకి గది ఇవ్వమని ఎంతమంది మొహమ్మీదే చెప్పారో! ఇప్పుడు నువ్వు టోక్యోలో నీ సంపాదనతో, నీ పేరు మీద ఇల్లు తీసుకున్నావంటే నాకు గర్వంగా ఉంటుంది. చివరికి నాకు గది ఇచ్చిన మామ్మగారు ఒంటరి మనిషి. అద్దె ఆలస్యమైనా పర్వాలేదు గానీ రాత్రి అన్నానికి ఆలస్యం చెయ్యొద్దంది. ఆవిడది రాత్రిళ్లు ఫలహారమే. ఇత్తడి గిన్నెలో ఉప్పుడుపిండి చేసి, అడుగున ఎర్రగా వేగిన చెక్కు నా కోసం గీకి పెట్టేది. మడి మనిషి కనక నా కంచం ఎడంగా ఉండేది. అయినా నేను వచ్చేదాకా ముద్ద ఎత్తేది కాదు. ఓ రాత్రి నేను రాకపోయేసరికి తలుపు తట్టింది. ఒళ్లు తెలియని జ్వరంతో పడున్నాను.

అందుకే చెబుతున్నాను తల్లీ, మనం ఒక పూట అన్నానికి రాకపోతే ‘ఏమైంది?’ అని లేచొచ్చే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి మొగుడే కానక్కర్లేదు.

నువ్వున్న దేశంలో 2020 జనాభా లెక్కల నాటికే నూటికి 38 ఇళ్లలో ఒక్కొక్కరే ఉంటున్నారు. ఇంట్లో ఒంటరిగా ఉంటూ చనిపోయినవాళ్లు 2024లో 76 వేల పైచిలుకని అక్కడి పోలీసులే లెక్క తేల్చారు. అందులో దాదాపు నాలుగో వంతు 65 ఏళ్లు నిండనివాళ్లు. అది చదివి ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఒంటరితనం గురించి పట్టించుకోమని బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో మంత్రికే బాధ్యత అప్పగించాయి. మంచిదే. కానీ రాత్రి నువ్వు తిన్నావో లేదో ఏ మంత్రి చూడగలడు? ఇక్కడ మన వీధిలోనూ అంతే, పిల్లలు దూరాలకు వెళ్లిపోయారు, పెద్దవాళ్లు టీవీ ముందు కంచం పెట్టుకుంటున్నారు. నేను మాత్రం ఎదురింటావిడని పిలుచుకుంటాను.

నీ ఊళ్లోనే దారుంది. ఓటా వార్డులో కూరగాయల కొట్టు నడిపే ఒకావిడ 2012లో, సరైన తిండి లేని పిల్లల కోసం ‘కొడొమో షొకుడో’ అనే పిల్లల భోజనశాల మొదలుపెట్టింది. ఇప్పుడు దేశమంతా అలాంటివి పదివేలు దాటాయి. చాలాచోట్ల ముసలివాళ్లూ వచ్చి పిల్లల పక్కన కూర్చుని తింటారట. నీకు దగ్గర్లో ఏదుందో కనుక్కో. సెలవు రోజున వెళ్లి కూరలు తరుగు, వడ్డించు, తర్వాత వాళ్లతోపాటు కూర్చో. నీకు భాష తడబడినా పిల్లలు సర్దుకుంటారు.

మిగతా రోజుల్లో ఆఫీసులో ఎవరినైనా పిలువు. వేడన్నం, పప్పుచారు చాలు. బయటి డబ్బాలతో నీ కడుపు మంట మళ్లీ మొదలవుతుందేమోనని నా భయం, చిన్నప్పట్నుంచీ నీది సున్నితమైన ఒళ్లు.

కందిపొడి పంపిస్తున్నాను. రెండు పొట్లాలు కట్టాను. ఒకటి నీ పక్కగది అమ్మాయికి. నువ్వే తీసుకెళ్లి ఇవ్వు, నెయ్యేసి ఎలా కలుపుకోవాలో దగ్గర కూర్చుని చూపించు.

మీ పెద్దమ్మ