స్విచ్చుకీ బల్బుకీ మధ్య ముడి

ఇళ్లకు వైరింగు చేస్తూ వయసు మళ్లాక, స్విచ్చులనూ బల్బులనూ రేడియోతో కలిపే జిగ్బీ పట్టుకున్నాను. ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం నాలుగు మాటలు.

1. ముందు కరెంటువి, తరువాతే బ్యాటరీవి.

ప్లగ్గులు, బల్బులు, న్యూట్రల్ వైరున్న రిలేలు సాధారణంగా మెలకువగా ఉండి ఇతరుల సందేశాలను ముందుకు అందిస్తాయి. బ్యాటరీ సెన్సార్లు నిద్రపోతూ, చేరేటప్పుడు దొరికిన ఒక పేరెంటును పట్టుకుని ఉంటాయి. మొదట్లో సెన్సార్లన్నిటినీ హాల్లో బల్ల మీద పేర్చి, నెట్‌వర్కును నడిపే హబ్ పక్కనే జత చేసేవాణ్ణి. గదుల్లో పెట్టాక కొన్ని మూగబోయేవి. ఏది ఎక్కడ ఉండాలో అక్కడే జత చేయాలి.

2. తెరిచిన తలుపు మూయాలి.

జాయినింగ్ అనుమతి ఒక్క విడతకు 254 సెకన్లు దాటకూడదని జిగ్బీ 3.0 ఊరికే అనలేదు. నెట్‌వర్కు తాళంచెవి కొత్త పరికరానికి అందేది అప్పుడే. దాన్ని కప్పి పంపే డిఫాల్టు కీ లోకమంతా ఎరిగినదే. ఇన్‌స్టాల్ కోడు ఉంటే అదే వాడు, బద్ధకించకు.

3. జత కలవడం వేరు, ముడి పడడం వేరు.

స్విచ్చు, బల్బు రెండూ హబ్‌లో కనిపిస్తే పని అయిపోయిందనుకునేవాణ్ణి. స్విచ్చు నొక్కితే హబ్‌కు కబురు, అక్కణ్ణుంచి బల్బుకు ఆజ్ఞ. అంతా హబ్‌లో రాసిన ఆటోమేషన్. ఒక పెద్దాయన ఇంట్లో అర్ధరాత్రి హబ్ ఆగిపోయింది. బాత్‌రూమ్ దారిలో దీపం వెలగలేదు. ఆయన పడిపోలేదు, అది నా గొప్ప కాదు.

మర్నాడు వెళ్లి బైండింగ్ చేశాను. బల్బు చిరునామా, ఎండ్‌పాయింటు, ఆజ్ఞల రకం చెప్పే క్లస్టరు, ఈ మూడింటినీ స్విచ్చు తన పట్టికలోనే రాసుకుంటుంది. ఆపైన దాని ఆజ్ఞ హబ్‌ను అడగకుండానే బల్బుకు చేరుతుంది. అంతకుముందు రెండింటి ఎండ్‌పాయింట్లనూ విచారించు: ఆన్-ఆఫ్ క్లస్టరు, అంటే 0006, స్విచ్చులో అవుట్‌పుట్ వైపు, బల్బులో ఇన్‌పుట్ వైపు ఉండాలి. వెలుగు పెంచి తగ్గించాలంటే 0008 కూడా. బ్యాటరీ స్విచ్చు నిద్రలో ఉంటే బైండింగ్ విఫలమవుతుంది. ఆ కాసేపూ దాని బటన్ నొక్కుతూ మేలుకొలుపు. ఒకే స్విచ్చుకు చాలా బల్బులుంటే గ్రూపుకు ముడి వేయడం మేలు, పట్టికలో చోటు తక్కువ.

4. వైఫైని అడగకుండా చానల్ ఎంచకు.

రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే తిరుగుతాయి. వైఫై 1, 6, 11 మీద ఉంటే జిగ్బీ 15, 20, 25 చానళ్లు వాటి సందుల్లో పడతాయి. ముందే తేల్చుకో, తరువాత మారిస్తే నిద్రపోయేవాటిలో కొన్నింటిని మళ్లీ జత చేయాల్సి రావచ్చు. యూఎస్‌బీ 3.0 పోర్టు కూడా ఈ బ్యాండులో రొద చేస్తుంది, డాంగిల్‌కు పొడుగు కేబుల్ వెయ్యి.

5. కరెంటు పోతుంది, వస్తుంది.

వచ్చీ రాగానే పడగ్గదులన్నీ భగ్గున వెలిగే ఇళ్లు చూశాను. బల్బులో స్టార్టప్ సెట్టింగు ఉంటే మునుపటి స్థితికి పెట్టు. గోడ స్విచ్చుతో బల్బుకు కరెంటు ఆపితే దాని మీదుగా సాగే సందేశాల దారీ తెగుతుందని ఇంటివాళ్లకు చెప్పు. ఇల్లు అప్పగించే ముందు హబ్ ప్లగ్గు పీకేసి, కాసేపాగి, ప్రతి గదిలోనూ స్విచ్చు నొక్కి చూడు. ఒక్క దీపం వెలగకపోయినా బిల్లు రాయకు.