పావు వంతు అంటే నూటికి ఎంత?

అర కిలో, పావు లీటరు, ముప్పావు వంతు. ఈ మాటలు మీకు కొత్త కాదు. వంటింట్లో, అంగట్లో రోజూ వాడేవే. కానీ బ్యాంకులో, పంచాయతీ ఆఫీసులో 'శాతం' అంటారు. శతం అంటే వంద. శాతం అంటే 'నూటికి ఎంత' అని. దీనికి % అనే గుర్తు వేస్తారు.

రూపాయితో చూద్దాం

రూపాయికి 100 పైసలు.
అర రూపాయి 50 పైసలు. సగం అంటే 50 శాతం.
పావలా 25 పైసలు. పావు వంతు అంటే 25 శాతం.
మూడు పావలాలు 75 పైసలు. ముప్పావు అంటే 75 శాతం.

పావలా బిళ్ల 2011లో చెల్లకుండా పోయింది. అయినా లెక్కకు ఇప్పటికీ పనికొస్తుంది.

మిగతా వంతులకు ఎలా?

ఐదు వంతుల్లో మూడు వంతులు అనుకోండి. దాన్ని 3/5 అని రాస్తారు. పై అంకెను 100తో హెచ్చించండి. వచ్చినదాన్ని కింది అంకెతో భాగించండి.

3 × 100 = 300
300 ÷ 5 = 60

అంటే 60 శాతం. ఏ వంతుకైనా ఇదే పద్ధతి.

తరుగు లెక్క

ఒక ఊళ్లో అత్తాకోడళ్లు 200 కిలోల చింతపండు అమ్మాలనుకున్నారు. ఇద్దరు వ్యాపారులు వచ్చారు. ఇద్దరూ ఒకటే ధర చెప్పారు. తరుగు దగ్గరే తేడా.

"ఇరవై వంతుల్లో ఒక్క వంతు తీస్తాను" అన్నాడు మొదటివాడు.
"నాలుగు శాతం తీస్తాను" అన్నాడు రెండోవాడు.

"నాలుగెక్కడ, ఒకటెక్కడ! మొదటాయనకే ఇద్దామే" అంది అత్త.
"ఉండత్తా, రెండూ నూటికి ఎంతో చూద్దాం" అంది కోడలు. పలక తీసి లెక్క వేసింది.

1 × 100 = 100
100 ÷ 20 = 5

మొదటాయన తీసేది 5 శాతం. 100 కిలోలకు 5 కిలోలు. 200 కిలోలకు 10 కిలోలు పోతాయి. రెండో ఆయన తీసేది 4 శాతం. 200 కిలోలకు 8 కిలోలు. అత్త రెండో ఆయనకే అమ్మింది. రెండు కిలోల చింతపండు డబ్బు మిగిలింది.

ఒకరు వంతుల్లో, ఒకరు శాతంలో చెబితే మోసపోవచ్చు. రెండూ శాతంలోకి మార్చాకే ఏది ఎక్కువో తేల్చుకోవాలి.

పంచాయతీలో మన వంతు

1993లో 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది. పంచాయతీల్లో కనీసం మూడో వంతు స్థానాలు ఆడవాళ్లకు కేటాయించాలని అది చెప్పింది. మూడో వంతు అంటే ఎంత శాతం?

100ని 3తో భాగిస్తే 33 వస్తుంది. 1 మిగులుతుంది. ఆ ఒకటిని కూడా మూడు భాగాలు చేయాలి. కాబట్టి 33⅓ శాతం.

2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం మార్చి దీన్ని సగం చేశారు. అంటే 50 శాతం. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ సగమే. ఊళ్లో 12 వార్డులు ఉన్నాయనుకోండి. మూడో వంతు అయితే 4 వార్డులు. సగం అయితే 6 వార్డులు.

చేసి చూడండి

1. 1/5 అంటే ఎంత శాతం?
2. సంఘంలో 20 మంది ఉన్నారు. సమావేశానికి 15 మంది వచ్చారు. ఎంత శాతం వచ్చినట్టు?
3. ఒక కొట్లో చీర ధరలో నాలుగో వంతు తగ్గిస్తామన్నారు. ఇంకో కొట్లో అదే ధర చీరకు 20 శాతం తగ్గిస్తామన్నారు. ఎక్కడ కొంటే లాభం?

జవాబులు: 1. 20 శాతం. 2. 75 శాతం. 3. మొదటి కొట్లో. అక్కడ 25 శాతం తగ్గుతుంది.