టోపీ బ్యాడ్జీని చదవడం ఎలా?

నిజాంపేటలో పాత ఇల్లు కనబడటమే అరుదు, ఇక పాత వస్తువు మాట చెప్పేదేముంది? అయినా ఊరి నుంచి ఫ్లాటుకు తెచ్చుకున్న ట్రంకు పెట్టెలో, తాతగారి పెన్షన్ కాగితాల అడుగున, అరచేతిలో సగం కూడా లేని ఇత్తడి బిళ్ల ఒకటి బయటపడవచ్చు. అది సిపాయి టోపీకి పెట్టుకున్న బ్యాడ్జీ. 1806లో కంటోన్మెంటుగా పుట్టిన సికింద్రాబాద్ మన పక్కనే ఉంది. రెండు శతాబ్దాలుగా ఇక్కడ పల్టన్లు వస్తూ పోతూనే ఉన్నాయి. అందుకే ఈ సరదా మొదలుపెట్టడానికి మన నగరం మంచి చోటు.

1. ముందు ఇంట్లో వెతకండి

కొనే ముందు అడగండి. తాతగారు, మేనమామ, కింది ఫ్లోరులో ఉండే మాజీ సైనికుడు, ఎవరైనా సరే. ఏ రెజిమెంటు, ఏ ఏడాది చేరారు, ట్రైనింగ్ ఎక్కడ అయింది అన్నవి నోటుబుక్కులో రాసుకోండి. ఇంటి నుంచి వచ్చిన బ్యాడ్జీకి మనిషి తోడుంటాడు, సంతలో కొన్నదానికి ఉండడు. ఆ తర్వాత మెట్రో ఎక్కి ఆదివారం ఎర్రగడ్డ సంతకు, గురువారం జుమ్మేరాత్ బజారుకు వెళ్లిరండి. తొలి రెండుసార్లు డబ్బులు తీయకుండా చూసి రావడమే మేలు.

2. ఒక్క దారి ఎంచుకోండి

కనిపించిందల్లా కొంటే పెట్టె నిండుతుంది తప్ప ఏమీ తెలియదు. దక్కన్ పేరున్న పల్టన్లు తీసుకోండి. లేదా మన నగరంలోనే శిక్షణ కేంద్రాలున్న ఆర్టిలరీ, ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ విభాగాలు తీసుకోండి. తెలుగువాళ్లు ఎక్కువగా చేరే మద్రాస్ రెజిమెంటూ మంచిదే. దాని బ్యాడ్జీ మీది ఏనుగు 1803 నాటి అస్సాయే యుద్ధానికి గుర్తు.

3. నాలుగు పనిముట్లు

భూతద్దం, చిన్న అయస్కాంతం, స్కేలు, వంటింటి డిజిటల్ కాటా. ఇవి చాలు.

4. పైనుంచి కిందికి చదవండి

మొదట తలభాగం చూడండి. కిరీటం ఉంటే బ్రిటిష్ కాలం, అశోక సింహాలుంటే 1950 జనవరి 26 తర్వాతిది. కిరీటాల్లోనూ తేడా ఉంది. పై కమానులు గుండ్రంగా ఉబ్బి ఉంటే 1901 తర్వాతి రాజుల కాలం. నడుమ పల్లంలా దిగి ఉంటే అంతకుముందు విక్టోరియా కాలంది కావచ్చు, లేదా 1953 తర్వాత బ్రిటన్‌లో తయారైంది కావచ్చు.

తర్వాత మధ్యలోని బొమ్మ, చివర రిబ్బనులాంటి పట్టీ మీది అక్షరాలు. ఆర్టిలరీ బ్యాడ్జీనే చూడండి: ఫిరంగి బొమ్మ అలాగే ఉంది, లాటిన్‌లో ‘యుబీక్’ అన్న మాట పోయి ‘సర్వత్ర’ వచ్చింది. రెండింటి అర్థం ఒకటే, ‘అంతటా’ అని. ఇక్కడొక సూత్రం గుర్తుంచుకోండి: పేరు కాలం చెబుతుంది, బొమ్మ వంశం చెబుతుంది.

5. ‘హైదరాబాద్’ అని ఉంటే ఆగండి

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఆ పేరున్న ప్రతి బ్యాడ్జీ నిజాం సొంత సైన్యానిది కాదు. నిజాం డబ్బుతో, బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ వేరు. 1903లో అది బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయి, దాని పటాలాలకు 94 రస్సెల్స్, 99 దక్కన్ వంటి కొత్త పేర్లు వచ్చాయి. 1922లో ఆ పదాతి దళం 19వ హైదరాబాద్ రెజిమెంటుగా మారింది. 1945 అక్టోబరులో కుమావూఁ రెజిమెంటు అయింది. కాబట్టి ‘19 హైదరాబాద్’ అని ఉంటే ఆ ఇరవై మూడేళ్ల మధ్యదే.

గుర్రపు దళం లెక్క వేరు. 20వ దక్కన్ హార్స్, 29వ లాన్సర్లు 1921లో ఒకటై, ‘9వ రాయల్ దక్కన్ హార్స్’ అన్న పేరు తీసుకున్నాయి. రిపబ్లిక్ వచ్చాక ‘రాయల్’ అన్న మాట రాలిపోయింది. నిజాం సొంత సైన్యం కథ మాత్రం 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో ముగిసింది.

6. తిప్పి చూడండి

అసలు సంగతి వెనక ఉంటుంది. అచ్చుతో అదిమి కొట్టిన బ్యాడ్జీకి ముందు ఉబ్బున్నచోట వెనక గుంట ఉంటుంది, గీతలు పదునుగా తేలతాయి. పోతపోసిన నకలులో గీతలు మొద్దుబారి, వెనక సన్నని ఇసుక గుంటలు కనిపిస్తాయి. కొలిస్తే రవ్వంత చిన్నగానూ ఉండొచ్చు, ఎందుకంటే లోహం చల్లారేటప్పుడు కుదించుకుపోతుంది. కానీ పోత అనగానే నకిలీ అని తేల్చేయకండి. మన దేశపు పల్టన్లు బజారు కంసాలుల చేత పోత బ్యాడ్జీలు చేయించుకున్న మాట నిజమే. తగిలించే కొక్కేలు, నిలువు పట్టీ అతుకు చూడండి. పాత బిళ్లకు కొత్త టంకం మెరుస్తుంటే అడగాల్సిందే. ఇత్తడిని అయస్కాంతం పట్టదు. పట్టిందంటే లోపల ఇనుముంది, ధర విషయంలో వెనక్కి తగ్గండి.

7. చింతపండు దూరంగా పెట్టండి

ఇంటికి రాగానే అమ్మ చేసే మొదటి పని తోమడం. దండం పెట్టి ఆపండి. చింతపండు, పీతాంబరి చిలుముతోపాటు సన్నని గీతల్ని కూడా తినేస్తాయి. చిలుమే దాని వయసు. మెత్తని గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నాళ్లకు పచ్చటి జిగురు పుడుతుంది, కాబట్టి కాగితం కవరు వాడండి. దానిమీద ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎంతకు, బరువు, కొలత రాయండి.

8. రెండు హెచ్చరికలు

సైనికుడినని ఎదుటివారిని నమ్మించేలా బ్యాడ్జీ ధరించడం నేరం. నూరేళ్లు దాటిన పురావస్తువును మనంతట మనం విదేశాలకు పంపకూడదని 1972 నాటి చట్టం అంటోంది. అమెరికాలోని అబ్బాయికి పార్సిల్ కట్టే ముందు, ఆవకాయ సీసా పక్కన ఏం పెడుతున్నారో చూసుకోండి.

ఇక మీకో అభ్యాసం. కుమావూఁ బ్యాడ్జీ బొమ్మ ఒకటి సంపాదించండి. శిలువ పట్టుకున్న సగం సింహం కనిపిస్తుంది. అది హిమాలయాల సింహం కాదు, రస్సెల్ వంశ చిహ్నంలోది. హెన్రీ రస్సెల్ హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా ఉండగా 1813లో పుట్టిన రస్సెల్ బ్రిగేడ్ ఆ రెజిమెంటు మూలాల్లో ఒకటి. ఇప్పుడు కేంద్రం రాణీఖేత్‌లో ఉంది, పేరులోంచి హైదరాబాద్ పోయింది. బొమ్మలో మాత్రం మన ఊరి రెసిడెంటు సింహం ఇంకా నిలబడే ఉంది.