కంప్యూటర్‌కు నీటి చల్లదనం: రేకు కోసేముందు వేసుకోవలసిన లెక్కలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే పాఠం రాసివ్వమని వార్డెన్ గారు అడిగారు. మేము నలుగురం ఈ వసతి గృహంలోనే, ఒకే గదిలో ట్రంకు పెట్టెలు వరుసగా పెట్టుకుని పదో తరగతి దాకా చదువుకున్నాం. ఇప్పుడు మాలో ఒకడు లేత్ షాపులో పనిచేస్తున్నాడు, ఇద్దరు కంప్యూటర్ రిపేరు పనిలో ఉన్నారు, నాలుగోవాడు యానిమేషన్ చేసి బతుకుతున్నాడు. మేము హాస్టలుకు వచ్చినప్పుడల్లా మీరు అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, కంప్యూటర్లో నీళ్లు పోస్తారట, నిజమేనా?" నిజమే. ఎలా పోస్తారో, పోసేముందు కాగితం మీద ఏమేం లెక్క చూసుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. లెక్క చూసుకోక మేము పోగొట్టుకున్నది కూడా దాచకుండా రాస్తున్నాం.

మొదట ఒక మాట. మనమంతా "సీపీయూ" అని పిలిచే ఆ డబ్బా నిజానికి క్యాబినెట్. అసలు సీపీయూ అంటే లోపల అగ్గిపెట్టె కన్నా చిన్నగా ఉండే ప్రాసెసర్. అది తినే కరెంటంతా చివరకు వేడిగానే బయటికి వస్తుంది. 2004 ప్రాంతంలో వచ్చిన పెంటియం 4 రకాల్లో వేడెక్కువని పేరుపడ్డవి 115 వాట్ల దగ్గర ఉండేవి. 2022లో వచ్చిన కోర్ ఐ9-13900కె గట్టిగా పనిచేస్తే 253 వాట్లు, అదే ఏడాది వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు 450 వాట్లు తీసుకుంటాయి. నీటితో చల్లబరచడం మాత్రం కొత్త విద్య కాదు. ఐబీఎం 1980లో ప్రకటించిన 3081 అనే పెద్ద కంప్యూటర్‌ను నీటితోనే చల్లబరిచేవారు. ఇళ్లలో సొంతంగా చేసుకోవడం తర్వాత మొదలైంది. విడి భాగాలు దుకాణాల్లో దొరకని రోజుల్లో అమెరికా కుర్రాళ్లు 1977 నాటి పాంటియాక్ బోన్‌విల్ కారు హీటర్ కోర్‌ను రేడియేటర్‌గా వాడుకున్నారు.

పని జరిగే తీరు సులువే. ప్రాసెసర్ మీద రాగి దిమ్మె ఒకటి బిగిస్తారు. దాన్ని వాటర్ బ్లాక్ అంటారు. దాని లోపల సన్నని గాళ్ల గుండా నీరు పారుతూ వేడిని పట్టుకుంటుంది. ఆ నీటిని పంపు రేడియేటర్‌కు తోస్తుంది. రేడియేటర్ మీద ఫ్యాన్లు గాలి కొడతాయి, వేడి గాలిలో కలుస్తుంది, నీరు మళ్లీ మొదటికి వస్తుంది. ఈ చుట్టునే లూప్ అంటారు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మేమూ పడ్డాం. నీళ్లంటే చల్లన అనుకుంటాం, ఎందుకంటే మన కుండలో నీళ్లు ఎండాకాలంలోనూ చల్లగా ఉంటాయి. కానీ కుండ చల్లబడేది నీరు ఆవిరై పోతుంది కాబట్టి. పాల్వంచ కేటీపీఎస్‌లో 2024 ఆగస్టులో కూల్చేసిన ఆ పెద్ద శీతలీకరణ గోపురాలు కూడా నీటిలో కొంత ఆవిరి చేసే మిగతా నీటిని చల్లబరిచేవి. కంప్యూటర్ లూప్ మూసి ఉంటుంది, అందులో ఆవిరయ్యేది లేదు. కాబట్టి ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లూప్‌లో నీరు గది వేడికన్నా కిందికి రాదు. గది 41 డిగ్రీలుంటే నీరు 41కి పైనే ఉంటుంది. ఎంత పైన అన్నదే మన చేతిలో ఉంటుంది. ఆ తేడాను తగ్గించడానికే రేడియేటర్ కొంటాం.

ఇక లెక్కకు వద్దాం. మా యానిమేషన్ మిత్రుడి యంత్రంలో ప్రాసెసర్ రైజెన్ 7 5800ఎక్స్. దానికి 142 వాట్ల దాకా వెళ్తుంది. కార్డు ఆర్‌టీఎక్స్ 3080, 320 వాట్లు. రెండూ కలిపి దాదాపు 460 వాట్లు. ఉష్ణం పాఠంలో విశిష్టోష్ణం చదువుకున్నాం కదా, అదే ఇక్కడ పనికొస్తుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 జౌళ్లు కావాలి. నిమిషానికి ఒక లీటరు నీరు పారితే సెకనుకు సుమారు 16.7 గ్రాములు, అంటే డిగ్రీకి 70 వాట్లు మోసుకుపోతుంది. నిమిషానికి నాలుగు లీటర్లు పారితే డిగ్రీకి 280 వాట్లు. మన 460 వాట్లకు ఆ ప్రవాహంలో లూప్ మొత్తం మీద నీటి వేడిలో తేడా రెండు డిగ్రీలు కూడా ఉండదు. అందుకే ముందు ప్రాసెసర్‌కా, ముందు కార్డుకా అని కొట్లాడుకోవడం దండగ. ట్యూబు ఏ దారిన తక్కువ పడితే ఆ దారిన తీసుకోండి.

కొట్లాడవలసింది రేడియేటర్ దగ్గర. 120 మి.మీ. ఫ్యాను ఒకటి పట్టే మేర రేడియేటర్, ఫ్యాను మరీ మోత లేకుండా తిరుగుతూ, నీటిని గదికన్నా ఓ పది డిగ్రీలు పైన ఉంచి సుమారు 100 వాట్లు వదులుతుంది. ఇది కచ్చితమైన సూత్రం కాదు. మందాన్నిబట్టి, ఫ్యాను వేగాన్నిబట్టి మారుతుంది. అయినా అంచనాకు చాలు. ఆ లెక్కన 460 వాట్లకు ఐదు ఫ్యాన్ల రేడియేటర్ కావాలి.

మేము 2022 మే నెలలో మొదటిసారి కట్టినప్పుడు పెట్టింది రెండు ఫ్యాన్లది. మేము చదివిన పాఠాలు చల్లటి దేశాలవాళ్లు రాసినవి. వాళ్ల గది 22 డిగ్రీలు. రెండు ఫ్యాన్లతో తేడా 23 డిగ్రీలు వచ్చినా వాళ్ల నీరు 45 దగ్గర ఆగుతుంది, ఏ ప్రమాదమూ లేదు. మా మిత్రుడిది కొత్తగూడెం దగ్గర రేకుల గది. మధ్యాహ్నం 41. అక్కడికి 23 కలపండి, 64! మామూలుగా ఈ పనికి వాడే డీ5 పంపుకు నీరు 60 డిగ్రీలు దాటకూడదంటారు. పెట్‌జీ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టానికీ సుమారుగా అదే హద్దు. మెత్తటి ట్యూబు అయితే ఆ వేడికి ఇంకా మెత్తబడి పట్టు వదులుతుంది. ఈ కూడిక మాలో ఎవరికైనా వచ్చేదే. ఎవరమూ చేయలేదు.

జరిగింది ఇదీ. సాయంత్రం నీళ్లు నింపాం. ఇరవై నిమిషాలు పంపు తిప్పి చూశాం, ఎక్కడా చెమ్మ లేదు. మరుసటి రోజు అతను ఒక ప్రకటన పని అప్పజెప్పాలి, అందుకని అన్నీ కలిపేశాం. ఉదయమంతా బాగా నడిచింది. మధ్యాహ్నం రెండు గంటలకు తెర నల్లబడింది. కార్డు దగ్గరున్న ఒక జాయింటు మేము పూర్తిగా బిగించలేదు. చల్లగా ఉన్నప్పుడు నిలిచిన ట్యూబు, నీళ్లు కాగాక జరిగింది. బొట్టు బొట్టుగా కార్డు వెనక్కి పాకింది. "స్వచ్ఛమైన నీటిలో కరెంటు పారదు కదా" అని మాలో ఒకడు ధైర్యం చెప్పాడు. సీసాలో ఉన్నప్పుడు ఆ మాట దాదాపు నిజమే. లోహాల మీదుగా తిరిగి, కార్డు మీది దుమ్మును కలుపుకున్నాక అది స్వచ్ఛమైన నీరు కాదు. ఐదు రోజులు ఆరబెట్టినా కార్డు లేవలేదు. ఆ పని ఇంకొకరికి పోయింది. అది వాయిదాల మీద కొన్న కార్డు. పాడయ్యాక కూడా అతను ఏడు వాయిదాలు కట్టాడు. మేం ముగ్గురం కడతామంటే రెండే కట్టనిచ్చాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అదే మాకు ఎక్కువ బాధ.

రెండోసారి 2023లో మొదలుపెట్టినప్పుడు నెల రోజులు కాగితం మీదే ఉన్నాం. ఐదు ఫ్యాన్ల చోటు కావాలంటే పైన 360, ముందు 240 రేడియేటర్లు పట్టాలి. పాత క్యాబినెట్లో పైన చోటుంది కానీ రంధ్రాలు లేవు. అందుకే కోయాల్సి వచ్చింది. ఇక్కడ కొలతలు జాగ్రత్త. 120 ఫ్యానుకు మర బొక్కల మధ్య దూరం 105 మి.మీ. ఫ్యాన్లు ఆనించి పెడితే ఒకదాని చివరి బొక్కకు, పక్కదాని మొదటి బొక్కకు మధ్య 15 మి.మీ. వస్తుంది. రేడియేటర్ మందం 30, ఫ్యాను మందం 25, కలిపి 55 మి.మీ. రేకు కింద ఖాళీ ఉండాలి. మదర్‌బోర్డు పైఅంచు, ర్యామ్ ఎత్తు దానికి తగలకూడదు. పేరుకు 360 అయినా రెండు చివర్లా నీటి గదులు కలుపుకుని రేడియేటర్ నిడివి దాదాపు 400 వస్తుంది. ఇది మరిచిపోయి కొన్నవాళ్లను చూశాం. అట్టపెట్టె కోసి రేడియేటర్, ఫ్యాన్లు, పంపు అదే కొలతల్లో చేసి క్యాబినెట్లో పెట్టి చూడండి. మా అట్ట రేడియేటర్ మూడుసార్లు మారింది. అసలుది ఒక్కసారే కొన్నాం.

కోసేముందు లోపలివన్నీ తీసేసి, ఖాళీ డబ్బానే లేత్ షాపుకు తీసుకెళ్లాం. రేకు పొడి ఒక్క రవ్వ బోర్డు మీద పడ్డా షార్టే. రేకు మీద కాగితం టేపు అంటించి, దాని మీద గీతలు గీసి, జిగ్‌సా రంపంతో కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రాశాం. మరల పొడవు కూడా చూసుకోవాలి. 25 మి.మీ. ఫ్యానుకు 30 మి.మీ. మర అయితే 5 మి.మీ. రేడియేటర్లోకి దిగుతుంది. అంతకు పెద్ద మర పెట్టి బిగిస్తే నేరుగా నీటి గొట్టాన్నే పొడుస్తుంది. మాకు తెలిసిన ఒకాయన కొత్త రేడియేటర్‌కు సరిగ్గా ఆ గతే పట్టింది.

పంపు సంగతి మీకు మాకన్నా బాగా తెలుసు. మన హాస్టల్ బావి మోటారు గాలి పట్టినప్పుడు వాచ్‌మన్ తాత పైనుంచి చెంబుతో నీళ్లు పోసి మళ్లీ నడిపించేవాడు. ఈ చిన్న పంపుకూ అదే జబ్బు. తనంతట తాను నీటిని పైకి లాగలేదు. నీరు లేకుండా తిరిగితే అరిగిపోతుంది. కాబట్టి రిజర్వాయరు అనే చిన్న తొట్టిని పంపుకు వెంటనే ముందు, దానికన్నా ఎత్తులో పెట్టాలి. పోసే మూత చేతికి అందాలి. లూప్‌లో అన్నిటికన్నా కింద ఒక టీ ముక్క వేసి దానికో చిన్న వాల్వు పెట్టాలి. నింపడం అందరూ ఆలోచిస్తారు, ఖాళీ చేయడం ఎవరూ ఆలోచించరు. మా మొదటిదానికి వాల్వు లేదు. ఆ మధ్యాహ్నం నీళ్లు తీయడానికి ట్యూబు కోస్తే మిగిలిన నీళ్లన్నీ బోర్డు మీదే పడ్డాయి. గాలి బుడగలు పోవాలంటే పంపు నడుస్తుండగా క్యాబినెట్‌ను మెల్లగా ముందుకూ వెనక్కూ వంచాలి.

లోహాల విషయంలో ఒకే మాట: రాగి, ఇత్తడి ఉన్న లూప్‌లో అల్యూమినియం వద్దు. రెండూ ఒకే నీటిలో ఉంటే బ్యాటరీలాగా పనిచేసి అల్యూమినియం తినేసుకుంటుంది. బైకు రేడియేటర్ చౌకగా ఇస్తానని ఒక మెకానిక్ అన్నాడు, అది అల్యూమినియంది, వద్దన్నాం. నీరు డిస్టిల్డ్ వాటరే వాడాలి. బోరు నీళ్లు పోస్తే ఏమవుతుందో మన బకెట్ హీటర్ కాయిల్ మీది తెల్లటి పెచ్చు చూస్తే తెలుస్తుంది. తుప్పు పట్టకుండా, పాచి పట్టకుండా అమ్మే మందు కలపాలి. రంగుల నీళ్లు మాత్రం ఫొటోలకే.

పరీక్ష గురించి. ఈసారి మదర్‌బోర్డు, కార్డు దేనికీ కరెంటు వైరు కలపలేదు. పవర్ సప్లైని బయట పెట్టి, దాని 24 పిన్నుల కనెక్టర్‌కు దుకాణంలో దొరికే జంపర్ ప్లగ్గు పెట్టి పంపు ఒక్కదాన్నే నడిపాం. ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం. 24 గంటలు. వంతులు వేసుకుని కూర్చున్నాం, పరీక్షల ముందు స్టడీ అవర్లో కూర్చున్నట్టే. నాలుగో గంటలో ఒక కాగితం మీద అణా కాసంత తడి కనిపించింది. ఓ-రింగు మెలిపడి ఉంది. మార్చి మళ్లీ మొదటి నుంచి 24 గంటలు. తర్వాత యంత్రం నడిపి, నీరు బాగా కాగాక ఆపి, ప్లగ్గు తీసి జాయింట్లన్నీ ఇంకోసారి చేత్తో బిగించి చూశాం. పట్టకారు వాడకండి, ఓ-రింగు నలుగుతుంది.

మీలో ఎవరైనా మొదటి జీతంతో కంప్యూటర్ కట్టుకోవాలనుకుంటే నీటి జోలికి పోవద్దనే చెబుతాం. 65 వాట్ల ప్రాసెసర్‌కు మామూలు గాలి కూలరు హాయిగా సరిపోతుంది. మా లూప్ ఖర్చు ఆ ప్రాసెసర్ ధరను దాటిపోయింది. రోజంతా గట్టిగా పనిచేసే పెద్ద కార్డు, ఎండల్లో ఆగిపోకూడని పని ఉన్నప్పుడే ఇది.

2024 మేలో ఒక మధ్యాహ్నం రాసుకున్న కొలతలు: గది 41, నీరు 53, కార్డు 72. నీటికి మేము వేసిన అంచనా 51. ఆ రెండు డిగ్రీలు ఎక్కడివో తర్వాత తేలింది. ముందు రేడియేటర్ వేడెక్కించిన గాలినే పైది పీల్చుకుంటోంది. మిత్రుడి బాధ ఇంకొకటుంది. 460 వాట్లూ చివరికి ఆ రేకుల గదిలోనే కలుస్తున్నాయి. యంత్రం బాగానే ఉంది, తనే ఉడికిపోతున్నాడు. ముందు రేడియేటర్‌ను కిటికీ బయట నీడలో పెట్టి, గోడ గుండా ట్యూబులు తీస్తే రెండు చిక్కులూ తగ్గుతాయని మళ్లీ అట్టముక్కలు కోస్తున్నాం. పోను రాను కలిపి ఐదు మీటర్ల ట్యూబు పడుతుంది. అంత దూరం పోయాక ప్రవాహం ఎంత తగ్గుతుందో ముందు బకెట్టు, గడియారం పెట్టుకుని కొలవాలి.