వర్డ్ అర్జీలో పట్టిక, ఫోటో కనపడకపోతే

షెడ్డు సబ్సిడీ అర్జీని వర్డ్‌లో రాసి, పట్టుగూళ్ల లెక్కల ఎక్సెల్ పట్టిక, షెడ్డు ఫోటో అందులోనే పెడుతుంటాం. తెరిచి చూస్తే అవి కనపడవు. చాలాసార్లు అవి ఫైల్లోనే ఉంటాయి, భయపడొద్దు.

1. పట్టిక చోట మీసాల బ్రాకెట్లలో 'ఎంబెడ్' అని ఇంగ్లీషు అక్షరాలుంటే ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కండి.

2. ఫోటో చోట ఖాళీ డబ్బా ఉంటే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో 'షో పిక్చర్ ప్లేస్‌హోల్డర్స్' టిక్కు తీసేయండి.

3. ఫోటో సన్న గీతలా కనిపిస్తే లైన్ స్పేసింగ్ 'ఎగ్జాక్ట్‌లీ' నుంచి 'సింగిల్'కి మార్చండి.

4. లింకుతో మాత్రమే పెట్టిన ఫోటో వేరే కంప్యూటర్లో రాదు. 'ఇన్సర్ట్'తోనే పెట్టండి.

చివరగా పీడీఎఫ్ చేసి, ఫోన్లో ఒకసారి చూసుకునే పంపుదాం. ఫోటో లేదని అర్జీ వాపసు వస్తే తిరగాల్సింది మనమే కదా!