జామ్‌కు బహుమతి వచ్చింది, బొమ్మలకు రాలేదు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వస్తే, మొదట కాకతీయుల మీద ఒక పాఠం రాద్దామనుకున్నాను. ఎం.ఏ. చరిత్ర చదువుతున్నవాడిని, నాకు అదే సులువు. కానీ మొన్న బతుకమ్మ పండుగకు ఇంటికి పోయినప్పుడు ఒక సంగతి జరిగి, నా ఆలోచన వేరే దారి పట్టింది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఒక ముసలమ్మ కథ వినండి.

ఆమె పేరు అన్నా మేరీ రాబర్ట్‌సన్. 1860 సెప్టెంబరు 7న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రైతు ఇంట్లో పుట్టింది. న్యూయార్క్ అనగానే ఎత్తయిన భవంతులు గుర్తుకొస్తాయి గానీ, ఆమెది పశువులు, పొలాలు, మంచు కురిసే కొండలు ఉన్న పల్లెటూరు. తండ్రి పిల్లలకు తెల్ల కాగితాలు కొనిచ్చేవాడు. రంగులు లేక ద్రాక్షపండ్ల రసంతో పూసేది. ఆ ముచ్చట ఎక్కువ రోజులు సాగలేదు. 12 ఏళ్లకే పరాయి ఇంట్లో జీతానికి కుదిరింది. వంట, బట్టలు, ముసలివాళ్ల సేవ. అలా 15 ఏళ్లు గడిచాయి.

1887లో థామస్ మోసెస్ అనే వ్యవసాయ కూలీని పెళ్లి చేసుకుంది. ఇద్దరూ వర్జీనియా రాష్ట్రానికి పోయి భూములు కౌలుకు చేశారు. ఆమె వెన్న తీసి అమ్మింది, ఆలుగడ్డ చిప్స్ చేసి అమ్మింది. పదిమంది పిల్లలు పుడితే ఐదుగురు పసికందులుగానే పోయారు. 1905లో మళ్లీ సొంత ప్రాంతానికి వచ్చి ఈగిల్ బ్రిడ్జ్ అనే ఊళ్లో స్థిరపడ్డారు. 1918లో గదికి గోడకాగితం అంటిస్తుంటే కొంచెం తక్కువ పడింది. ఆ ఖాళీ జాగాలో ఆమె ఒక బొమ్మ వేసింది. అంతే, మళ్లీ పనిలో పడింది. 1927లో భర్త చనిపోయాడు.

డెబ్బై దాటాక ఉన్ని దారంతో బట్ట మీద బొమ్మలు కుట్టడం పెట్టుకుంది. కీళ్లవాతంతో వేళ్లు వంగక సూది పట్టడం కష్టమైంది. "రంగులతో వేస్తే సులువు కదా" అని చెల్లెలు సలహా ఇచ్చింది. అలా బ్రష్షు చేతికి వచ్చింది. ఒకసారి తాను వేసిన బొమ్మలను, తాను చేసిన జామ్‌ను, నిల్వ పెట్టిన పండ్లను కలిపి జిల్లా ప్రదర్శనకు తీసుకుపోయింది. జామ్‌కు, పండ్లకు బహుమతి వచ్చింది. బొమ్మలకు రాలేదు.

ఆమె పని చేసే తీరు తెలుసుకోవాల్సిందే. కాన్వాసు లేదు. గట్టి అట్టలాంటి చెక్క పలకను కావలసిన కొలతకు కోయించి, నూనె పూసి, దాని మీద మూడుసార్లు తెల్లరంగు వేసేది. తర్వాత పైనుంచి కిందికి వచ్చేది. ముందు ఆకాశం, తర్వాత కొండలు, తర్వాత చెట్లు, ఇండ్లు, ఆఖరుకు పశువులు, మనుషులు. ఎదురుగా చూసి వేసినవి తక్కువ, జ్ఞాపకంలోంచి తీసి వేసినవే ఎక్కువ. మేపుల్ చెట్ల పాలు పట్టి చక్కెర వండే రోజు, పండుగకు టర్కీ కోడిని పట్టడం, మంచులో బండి మీద పోవడం. దూరం మనుషులు ఎంత చిన్నగా ఉండాలో, నీడ ఎటు పడాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేను పుస్తకంలో ఆ బొమ్మలు చూసినప్పుడు ముందు నవ్వు వచ్చింది. రెండోసారి చూస్తే ప్రతి మనిషీ ఏదో ఒక పని చేస్తూ కనపడ్డాడు. ఉత్తగా నిలబడ్డవాళ్లు దాదాపు లేరు. పన్నెండేళ్ల నుంచి పని చేసిన మనిషి చూసిన లోకం అది.

1938లో హూసిక్ ఫాల్స్ అనే చిన్న పట్నంలో ఒక మందుల దుకాణం అద్దాల వెనక ఆమె బొమ్మలు పెట్టి ఉన్నాయి. వెల మూడు డాలర్లు, ఐదు డాలర్లు. ఎవరూ కొనలేదు. లూయీ కాల్డర్ అనే ఇంజనీరు ఆ దారిన పోతూ ఆగి చూశాడు. ఉన్నవన్నీ కొన్నాడు. అడ్రసు అడిగి ఇంటికి పోతే ఆమె లేదు. "అత్తమ్మ దగ్గర ఇంకా పది బొమ్మలు ఉన్నాయి" అని కోడలు చెప్పేసింది. తీరా చూస్తే తొమ్మిదే ఉన్నాయి. ఆమె ఏం చేసిందో తెలుసా? ఒక పెద్ద బొమ్మను రెండు ముక్కలుగా కోసి పది చేసింది! మా నాయనమ్మ అయినా అదే చేసేది.

కాల్డర్ ఆ బొమ్మలు పట్టుకుని న్యూయార్క్ నగరంలో చాలా గడపలు ఎక్కి దిగాడు. ఇంత ముసలామె మీద డబ్బు పెట్టి లాభమేమిటని వెనక్కి పంపినవాళ్లు ఉన్నారు. 1939లో ఆధునిక కళల మ్యూజియంలో మూడు బొమ్మలు పెట్టారు. 1940 అక్టోబరులో ఒట్టో కలీర్ అనే ఆయన తన గ్యాలరీలో ఆమె ఒక్కదాని బొమ్మలతో ప్రదర్శన పెట్టాడు. హిట్లర్ కాలంలో వియన్నా వదిలి వచ్చిన మనిషి ఆయన. అప్పటికి ఆమెకు 80 ఏళ్లు. అక్కడి నుంచి 'గ్రాండ్‌మా మోసెస్', అంటే మోసెస్ అవ్వ, అని పత్రికలు రాశాయి. 1949లో అధ్యక్షుడు ట్రూమన్ చేతుల మీదుగా సన్మానం జరిగింది. 1961 డిసెంబరు 13న, 101 ఏళ్లకు కన్ను మూసేనాటికి పదిహేను వందలకు పైగా బొమ్మలు వేసింది. ఇవి గ్రీటింగ్ కార్డుల బొమ్మలని తీసిపారేసిన విమర్శకులూ ఉన్నారు. నిజంగానే కార్డులుగా లక్షల్లో అమ్ముడుపోయాయి.

మన దేశంలోనూ ఇలాంటి ఒకామె ఉంది. జోధయ్యా బాయి బైగా, మధ్యప్రదేశ్ ఉమరియా జిల్లా లోర్హా గ్రామం. బైగా ఆదివాసీ. బడి మొహం చూడలేదు. భర్త పోయాక కూలి చేసి, కట్టెలమ్మి పిల్లలను సాకింది. దాదాపు 70 ఏళ్ల వయసులో, శాంతినికేతన్‌లో చదివిన ఆశిష్ స్వామి దగ్గర బ్రష్షు పట్టింది. శివుణ్ని, ఇప్పచెట్టును, అడవి జంతువులను వేసింది. ఆ బొమ్మలు 2019లో ఇటలీలోని మిలాన్ దాకా పోయాయి. 2023లో పద్మశ్రీ వచ్చింది. 2024 డిసెంబరులో చనిపోయింది. ఆమెను నిలబెట్టిన ఆశిష్ స్వామి పద్మశ్రీ దాకా బతకలేదు, 2021లోనే పోయాడు. కాల్డర్ పేరు కూడా ఎంతమందికి తెలుసు?

మీకు ఒక సందేహం రావచ్చు. మన పక్కనే చేర్యాల ఉంది, నకాషీ బొమ్మలు ఉన్నాయి, అమెరికా దాకా ఎందుకు పోయావని. చేర్యాల సంగతి వేరు. అక్కడ తాతల నుంచి వచ్చిన విద్య ఉంది, ఎర్ర రంగు మీద కథను వరుసగా వేసే పద్ధతి ఉంది, ఆ పటం పట్టుకుని ఊరూరా కథ చెప్పే కులాలు ఉండేవి. అంటే కొనేవాళ్లు ఉన్నారు, గురువు ఉన్నాడు. మన జిల్లాలోనే దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్య గారికి చిందు యక్షగానంలో 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వెనకా ఒక సంప్రదాయం ఉంది. నేను చెప్పేది గురువు, కులవృత్తి, గిరాకీ ఏదీ లేకుండా చేతులు ఊరుకోక వేసేవాళ్ల గురించి. లెక్కల నోట్సు వెనక బొమ్మలేసి దెబ్బలు తిన్నవాళ్లం మన హాస్టల్‌లోనూ తక్కువేమీ లేము.

ఇక ఇంటి సంగతి. మా పాత మట్టి ఇంటి గోడలకు మా నాయనమ్మ పండుగ పండుగకు ఎర్రమన్ను పూసి, సున్నంతో బొమ్మలు వేసేది. తాటిచెట్లు, కల్లు గీసే మనిషి, వంగి నాట్లేసే ఆడవాళ్లు. వానకు చెరిగిపోతే మళ్లీ వేసేది. నేను ఇంటర్ చదివేటప్పుడు ఆ ఇల్లు కూల్చి సిమెంటు ఇల్లు కట్టుకున్నాం. ఇంటికి డిగ్రీ తెచ్చిన మొదటివాణ్ని నేనే, చరిత్ర చదివినవాణ్ని నేనే, ఆ గోడలకు ఒక్క ఫోటో తీయలేదు. శాసనాలు చెరిగిపోతున్నాయని క్లాసులో వ్యాసాలు రాశాను.

మొన్న పండుగకు జనగామలో డ్రాయింగ్ షీట్లు, స్కెచ్ పెన్నులు కొనుక్కుని పోయాను. నాయనమ్మ షీటును అటూ ఇటూ తిప్పి చూసింది. "గీ కాయితం మీద ఏం ఏత్తర్రా, చెయ్యి తిరుగద్దా" అంది. షీట్లు మడిచి నా చేతికే ఇచ్చింది. కాసేపటికి తానే లేచి మేకల కొట్టం పక్క ప్రహరీగోడ చూపించి సున్నం తెమ్మంది. మా ఊరి కిరాణంలో సున్నం లేదు, ముగ్గు పాకెట్ తెచ్చాను. అందులో తుమ్మబంక కలిపింది. సాయంత్రానికి రెండు తాటిచెట్లు, ఒక మోకు, నాట్లేసే నలుగురు ఆడవాళ్లు వచ్చారు. ఆ నలుగురి పేర్లూ చెప్పింది. అందులో ఇద్దరు ఇప్పుడు లేరు.

ఫోన్లో ఫోటోలు తీశాను, పేర్లు రాసుకున్నాను. కుడి పక్కన చెరువు వేయాలట, నడుము నొప్పితో ఆపింది. దీపావళికి సున్నం తీసుకుని పోతున్నాను.